గాలి రేకులు

పెనుబల్లిలో బసవపున్నయ్య బుల్లెట్ చప్పుడు ఎరగనివాళ్ళు లేరు. పురుగుమందుల కంపెనీలో ఉద్యోగం ఆయనది. నెలకోసారి దుకాణాలు తిరుగుతూ భద్రాచలం దాకా వెళ్ళేవాడు. వెనక సీట్లో భార్య ప్రమీలారాణి ఉండేది, భద్రాచలంలో అక్క పద్మావతమ్మ ఇంట్లో దిగేది. పదకొండు మంది ఉన్న ఉమ్మడి ఇంట్లో మొగుడూ పెళ్ళాం రెండు మాటలు చెప్పుకునే చోటు ఆ బండే. వాళ్ళకు పిల్లల్లేరు. మనసులో ఉన్నదంతా ఆమె ఆ దారిలోనే చెప్పుకునేది.

చెప్పుకునేది సరే, వినేవాడేడీ? పాల్వంచ దాటి అడవి రోడ్డెక్కితే చెవుల్లో గాలి హోరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మళ్ళీ అడిగే ఓపిక లేక ఆ మహానుభావుడు ప్రతిదానికీ "అవ్, అవ్" అని తలూపేసేవాడు. కొన్నాళ్ళకు ఆమె మాట్లాడటం మానేసింది. ఆ సంగతి ఆయనకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. తెలిశాక మాత్రం దిగులు పట్టుకుంది. మనిషి వెనకే ఉంది, మాట లేదు.

ఎనభయ్యారులో ఖమ్మం వెళ్ళి, గాలికి అడ్డుగా బండికి ముందు అద్దం బిగించుకొచ్చాడు. హోరు తగ్గలేదు సరికదా, గాలి తలను అటూ ఇటూ కొట్టసాగింది. రేకుల పనివాడు హాతీరాం ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల దగ్గర దూది పోగులు కట్టి, బండి నడిపించి చూశాడు. పోగులన్నీ పైకి లేచాయి.

"పైగాలి గాదు సారూ. అద్దం కిందికెళ్ళి ఎక్కొస్తుంది. ఈడనే ఆపాలె."

నూనె డబ్బా రేకు కోసి, ఫోర్కులకు రెండు పక్కలా బిగించాడు. మూడుసార్లు వంచి సరిచేశాడు.

ఆ నెల పాల్వంచ దాటినా హోరు లేదు. వెనక ఆమె గాజుల చప్పుడు కూడా వినబడింది. బసవపున్నయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"ప్రమీలా, ఏదన్నా చెప్పవే. ఇప్పుడు మంచిగ వినపడుతుంది."

సారపాక దగ్గర ఆమె ముందుకు వంగింది.

"చెప్పాల్సింది మూడేండ్ల కిందనే చెప్పినానండీ. మా అక్క చిన్నకూతుర్ని మనం పెంచుకుందామా అని అడిగిన. అవ్ అన్నారు. ఆర్నెల్లు ఎదురుచూసిన. ఇష్టం లేదని మీ నోటితోటి అనిపించుకునుడు ఎందుకని మళ్ళా అడగలే. అక్క ఆ పిల్లను రాజమండ్రి వాళ్ళకు ఇచ్చేసింది."

ప్రతి మాటా వినబడింది. బసవపున్నయ్యకు ఆ పాత హోరే మళ్ళీ కావాలనిపించింది. గోదావరి వంతెన మీద బండిని ఎన్నడూ లేనంత వేగంగా ఉరికించాడు. హాతీరాం పనితనం గట్టిది. హోరు రాలేదు.