వల లాగిన రోజు

విజయవాడ నుంచి గుడివాడ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ, తన చెరువులో చచ్చిన శీలావతి చేపల్ని ల్యాబులో చూపించి వస్తున్నానంది.

"జబ్బు ఎలా వచ్చిందటండీ?" అన్నాను.

"ఆ బాక్టీరియా నీళ్లలో ఎప్పుడూ ఉండేదేనటండీ. చేప బాగున్నన్నాళ్లూ ఏమీ చెయ్యదట. మొన్న ఎండలో వల లాగి తూకం చూశాం. ఆ రాపిడికి పొలుసులూడి, అక్కడే పుండ్లు పడ్డాయి. చెరువంతా పోయింది."

వేరెవరి చెరువు గురించో చెబుతున్నట్టుంది ఆ గొంతు.

"అంత ఎండలో లాగమన్నదెవరండీ?"

"నేనేనండీ. మా ఆయన వద్దన్నారు."

నా మంచినీళ్ల సీసా ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. గుడివాడలో మూత తియ్యకుండానే తిరిగిచ్చి దిగిపోయింది. ఇల్లు చేరేదాకా నేనూ తాగలేదు.