వెనక వరుసలో ఒకడు

నాది అనుమానపు బుద్ధి. పాలు కొన్నా వేలు ముంచి చూస్తాను. దీనికి మొదలు మా ఇంటి గోడ మీది బొమ్మే.

రష్యా నుంచి వచ్చే రంగుల పత్రికతో బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్న తరం మాది. అందులో ఒక్క పేజీని మాత్రం మా నాయిన మాకు ఇవ్వలేదు. మైదా జిగురుతో గోడకు అంటించాడు. ఆయన ఇల్లందు గనిలో బొగ్గు కొట్టేవాడు. బొమ్మలో ఉన్నదీ గని కార్మికులే. షిఫ్టు దిగి పైకొస్తున్న ఎనిమిది మంది, చేతుల్లో పూలు, మొహాల నిండా నవ్వు. మా నాయిన పని నుంచి వస్తే కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు. వీళ్ళేమో పెళ్ళికొడుకుల్లా ఉండేవాళ్ళు.

పెద్దయ్యాక చదివాను, అక్కడ బొమ్మలేసేవాళ్ళు సర్కారు మెచ్చేట్టే వేయాలట, లేకుంటే బతుకు గడవదట. అప్పుడు నా అనుమానం నాయిన మీదికి మళ్ళింది. ఇంత అబద్ధాన్ని ఎట్లా నమ్మాడు? నమ్మకపోతే మాకెందుకు చూపించాడు?

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ ఆ బొమ్మను పీకేయమన్నాను. నాయిన మంచం దిగొచ్చి గోడకు అడ్డం నిలబడ్డాడు.

"అంతా అబద్ధం నాయినా. నవ్వమంటే నవ్విన మొహాలు" అన్నాను కోపంగా.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంట గిట్లనే. నాకు తెల్వదా బిడ్డా? మా గనిల పైకప్పు కూలి నా జతగాడు సచ్చిన మూడో దినం కంపెనీ ఫోటోలాయన వచ్చిండు. మొహాలు కడుక్కోండ్రి, కొత్త టోపీలు పెట్టుకోండ్రి, జర నవ్వుండ్రి అన్నడు. నవ్వినం."

ఆయన వేలు బొమ్మలో వెనక వరుస మీద ఆగింది. పూలగుత్తి చాటున ఒకడు నవ్వడం లేదు. నలభై ఏళ్ళుగా అనుమానంగా చూస్తూ కూడా నేను వాణ్ణి చూడలేదు. సిగ్గేసింది.

"వీని కోసమే అంటిచ్చిన. గీసినాయన సర్కారోళ్ళ కండ్లు గప్పి వీన్ని ఎట్ల దాటిచ్చిండో!"

కావాలనే వేశాడో, చేయి జారిందో. నాకు ఆ అనుమానం ఇంకా ఉంది.

రంగులవాళ్ళు చాయ్‌కి పోయినప్పుడు ట్రంకు పెట్టె తెరిచి, అడుగున నాయిన దాచిన ఆనాటి గని ఫోటో తీసి చూశాను. పదకొండు మంది. అందరికంటే పెద్దగా నవ్వుతున్నది మా నాయినే.

రంగులవాళ్ళు తిరిగి వచ్చాక ఆ గోడ జోలికి పోవద్దన్నాను.