హన్మవ్వ పట్టని డబ్బా

బోధన్ దగ్గరి ఒక చెరుకు ఫ్యాక్టరీలో శైలజ ప్రోగ్రాంలు రాస్తుంది. ఏ రైతు ఎప్పుడు చెరుకు నరకాలో చెప్పే చీటీలు ఆమె ప్రోగ్రాంలోంచే వస్తాయి. అందులో ఒక భాగం పేర్లన్నీ అక్షరక్రమంలో పేర్చి, మూటగట్టి రెండో భాగానికి అందిస్తుంది. రెండోది చీటీలు అచ్చు వేస్తుంది. ఆ మూట పట్టే డబ్బాకు కొలత పెట్టింది శైలజే. పట్టని పేరు చప్పుడు లేకుండా రాలిపోతుంది.

ఈ ఏడాది పేర్లను ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చారు. శైలజ అక్షరాలు కంటితో లెక్కబెట్టి డబ్బా పెంచింది. హన్మవ్వ అంటే కంటికి మూడక్షరాలే. కంప్యూటరుకు మాత్రం ఒత్తులు విడదీస్తే ఏడు ముక్కలు, ముక్కకు మూడు గడులు, మొత్తం ఇరవై ఒకటి! తెలుగు మనిషై ఉండి ఆ మాత్రం తట్టలేదని శైలజ తనను తానే తిట్టుకుంది. చివరనున్న ‘హ’ పేర్లు ఆరు రాలిపోయాయి. ఐదుగురు మేనేజరుకు ఫోన్ చేసి చేతిరాత చీటీలు తెచ్చుకున్నారు. కోటగిరి హన్మవ్వకు ఆ నంబరు ఎవరిస్తారు? ఎకరన్నర చెరుకు చేలోనే ఎండుతుంటే ఆమె బస్సెక్కి ఆఫీసుకే వచ్చింది.

“నా సీటీ ఎందుకు రాలే బిడ్డా? నేనేం తప్పు జేసిన?”

తప్పు తనదని చెప్పకుండానే శైలజ లేచింది. మేనేజరు ఆత్మారాం దగ్గరికి పరుగెత్తింది.

“గంత మూట మోసుడు ఎందుకు సార్? పేర్లు ఎక్కడున్నయో రెండో భాగానికి చెప్తే చాలు, అదే పోయి చదువుకుంటది. రెండు రోజులియ్యున్రి.”

“సీజన్ల ప్రోగ్రాం ముట్టద్దు. ఒక్క ముసలామె కోసం ఫ్యాక్టరీ ఆపాల్నా?”

“పోనీ, చేతి చీటీ రాసియ్యున్రి.”

“హెడ్డాఫీసోళ్లు అవి బంద్ వెట్టిన్రు.”

ఐదుగురికి ఇచ్చాక బంద్! శైలజ పళ్లు కొరుక్కుంటూ వచ్చి కూర్చుంది. ప్రోగ్రాం ముట్టకూడదు గానీ పేరు దిద్దవచ్చు. ఊళ్లో అందరూ ఆమెను అన్మవ్వ అనే పిలుస్తారు. ‘అ’తో రాస్తే వరుసలో ముందుకొస్తుంది; చివరన రాలేవాళ్లకు చీటీలు ముందే అందాయి. అలాగే రాసింది. తెల్లారేసరికి చీటీ వచ్చింది. తన తెలివికి శైలజ మురిసిపోయింది కూడా.

హన్మవ్వ చెరుకు నరికించి, బండ్లమీద ఫ్యాక్టరీకి తెచ్చింది. కాటా దగ్గర గుమాస్తా ఆధార్ అడిగాడు. అందులో హన్మవ్వ అని ఉంది. పేరు కలవలేదని బండ్లు పక్కన పెట్టించాడు. మూడు రోజులు అవి ఎండలోనే ఉన్నాయి.

నాలుగో రోజు హన్మవ్వ శైలజ ముందుకొచ్చి నిలబడింది. కళ్లల్లో నీళ్లు కూడా లేవు.

“మొన్నటిదాంక నేను లేనే లేనన్నరు. ఇయ్యాల ఉన్నగని, నేను నేను కాదంటున్నరు. మీ మిషన్ల నన్ను ఏం జేసిన్రు బిడ్డా?”

శైలజ తెరవైపు తిరిగింది. వరుస మొదట్లోనే అన్మవ్వ పేరు ఉంది.