పోలీసులు లేని జీపు

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మేము జమ్మలమడుగులో కాపురం ఉండేవాళ్లం. మా ఆయన డాక్టరు. ఊళ్లో రోగులు ఆస్పత్రికి నడిచి వచ్చేవాళ్లు. పెద్దముడియం వైపు పల్లెలవాళ్లు మాత్రం మనిషిని పంపేవాళ్లు. ఆ పక్కంతా నల్లరేగడి. ఎండాకాలం సైకిలు మీద పోవచ్చు, వాన పడితే సైకిలునే ఆయన మోసుకుపోవాలి. ఎద్దుల బండి కట్టించుకుని పోతే అది దారిలో దిగబడేది. ఆయన చేరేసరికి రోగి లేచి తిరుగుతూ ఉండేవాడు, లేదంటే పోయి ఉండేవాడు. రెండింటిలోనూ ఆయన చేయవలసింది ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు చూసి వద్దాం రమ్మన్నారు. నేను మంచి చీర కట్టుకుని బయలుదేరాను. బస్సు దిగి అంగళ్ల ముందుగా నడిచి, వాటిని దాటి, ఒక పత్తి వ్యాపారి గోడౌనులోకి తీసుకుపోయారు. అక్కడ ఒక జీపు ఉంది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు మద్రాసులో వేలం వేస్తే ఆ వ్యాపారి పాడుకుని తెచ్చాడట. బురదరంగు బండి, పైన టార్పాలిన్ గుడ్డ. ముందు రేకు మీద తెల్ల నక్షత్రం సగం చెరిగి ఉంది.

"దీనికి తలుపులు లేవే?" అన్నాను.

"తలుపులెందుకమ్మా? యుద్ధంలో దుముకి పారిపోవల్ల గదా," అన్నాడు వ్యాపారి.

"స్టీరింగు ఎడమపక్క ఉందే?"

"అది పుట్టిన దేశంలో అట్లే ఉంటాదంట. ఈడికొచ్చి శానా ఏండ్లాయ. ఇంగ మారదులేమ్మా."

"ఇంత మంచి బండి మీరెందుకు అమ్ముతాండారు?"

"పత్తి మూటలేసుకొని తిరగచ్చని కొంటి. రెండు మూటలకే నిండిపాయ," అని అతడు నిజాయితీగా చెప్పాడు. ఆ తర్వాత మా ఆయనకు సీటు పక్కనున్న పొట్టి రాడ్డు చూపించాడు. "ఇది ఎనక్కి గుంజితే నాలుగు చక్రాలూ లాగుతాయి డాక్టరు సారూ. బురదలోనే గుంజండి. గట్టి రోడ్డు మీద గుంజితే బండి పాడైపోతాది."

మా ఆయన ఆ రాడ్డును కొత్తగా పుట్టిన బిడ్డను చూసినట్టు చూశారు. ఇక బేరం ఏముంటుంది? నిమ్మకాయలు తొక్కించి, ఆ జీపులోనే ఇంటికి వచ్చాం.

మొదటిసారి జీపులో పెద్దముడియం అవతలి పల్లెకు జ్వరం కేసు చూడడానికి పోయి, ఆయన తొందరగానే తిరిగొచ్చారు. ఊళ్లో ఎవరూ లేరన్నారు. కోళ్లు ఉన్నాయి, చెవులు వినపడని ఒక ముసలావిడ ఉంది. మిగతా ఊరంతా ఖాళీ. రెండో పల్లెలోనూ అంతే. అయితే అక్కడ జొన్నచేలో ఏదో కదులుతుంటే ఆయన పోయి చూశారు. పిలిపించిన రోగే మంచంతో సహా చేలో ఉన్నాడు. మంచం మోసుకొచ్చినవాళ్లు కొంచెం అవతల పడుకుని ఉన్నారు.

"పోలీసోల్లనుకొంటిమి సామీ," అన్నాడు వాళ్లలో ఒకడు లేచి. "జీపులో ఇంగెవరొస్తారు?"

"మీరేం తప్పు చేసినారప్పా?"

"మేమేం చెయ్యల్యా సామీ. చేసినోల్లు ముందే పోయినారు. మిగిలినోల్లను పట్టుకపోతారని మేమూ పోతిమి."

మా ఆయన రోగిని అక్కడే చూసి సూది వేసి వచ్చారు. ఆ రాత్రి భోజనం చేస్తూ, "రేపటినుంచి నువ్వు ముందు సీట్లో కూర్చో. పోలీసోళ్లు పెండ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకొని రారు," అన్నారు.

అలా నేను పల్లెలు తిరగడం మొదలైంది. నన్ను చూడగానే పారిపోయేవాళ్లు ఆగి, తిరిగి వచ్చేవాళ్లు. ఏ చీర కట్టుకోవాలో ఆయనే చెప్పేవారు. దూరానికి కనబడాలి కాబట్టి ఎక్కువగా పసుపుపచ్చది.

ఊరికే కూర్చోవడం నాకు విసుగు పుట్టింది. "నాకూ తోలడం నేర్పండి," అన్నాను.

"నేర్చుకొని యాడికి పోతావ్?"

"మీరు పోయే కాడికే."

పెన్నేరు ఎండి ఉన్న రోజుల్లో ఏటి ఇసుకలో నేర్పారు. గుద్దడానికి అక్కడ ఏమీ లేదు. ఆయన మంచి గురువు అని చెప్పలేను, కానీ నేను గేరు తప్పు వేసినప్పుడల్లా కళ్లు మూసుకునేవారు తప్ప అరిచేవారు కాదు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆయన హ్యాండిలు తిప్పి ఇంజను స్టార్ట్ చేయబోతే అది ఎదురు తన్ని కుడి మణికట్టు విరిచింది. ఏ బద్ద ఎక్కడ పెట్టాలో ఆయన చెబుతుంటే నేను కట్టు కట్టాను. కట్టు ముడి వేశానో లేదో, పెద్దముడియం దగ్గరి పల్లెనుంచి ఒక మనిషి వచ్చాడు. మోకాళ్లదాకా బురద. చెల్లెలికి నిన్నటినుంచి నొప్పులు వస్తున్నాయని, బిడ్డ కాళ్లు కనబడుతున్నాయి గాని బయటికి రావడం లేదని చెప్పాడు.

మా ఆయన సంచి తీసుకుని నా వైపు చూశారు. నేను హ్యాండిలు తీసుకున్నాను.

"అమ్మ తోలుతాదా సామీ?" అన్నాడు ఆ మనిషి.

"తోలుతాది."

"అయితే నడిచి పోదాం సామీ."

అంటూనే ఎక్కాడు.

ఊరు దాటిన తర్వాత దారి లేదు. నల్లటి బురద ఒకటే, అందులో ముందుపోయిన బండ్ల చక్రాలు కోసిన గాళ్లు. పొట్టి రాడ్డు వెనక్కి గుంజాను. బండి మూలిగి, పక్కకు జారి, మళ్లీ ముందుకు పోయింది. అడ్డంగా ఒక వంక పారుతోంది. లోతు ఎంతో తెలియదు. "దిగి చూస్తారా?" అన్నాను.

"ఆపితే మళ్లీ కదలదు. పోనీ," అన్నారు మా ఆయన, సంచి ఒళ్లో పట్టుకుని.

పోనిచ్చాను. నీళ్లు మా కాళ్లమీదినుంచి పారాయి. వెనక సీట్లోని మనిషి ఉన్న దేవుళ్లందరినీ పిలిచాడు. అవతలి గట్టు ఎక్కాక, "ఎక్కితిమా?" అని అడిగాడు. అతడింకా కళ్లు తెరవలేదు.

ఆ ఇంట్లో అతడి చెల్లెలు మూలగడానికి కూడా ఓపిక లేక పడుకుని ఉంది. మా ఆయన చూసి, చెయ్యి కడుక్కుని, "నీ కుడిచెయ్యి నాకు కావల్ల," అన్నారు. నేనూ కడుక్కున్నాను. ఎక్కడ పట్టుకోవాలో చెప్పారు, పట్టుకున్నాను. ఎప్పుడు లాగకూడదో చెప్పారు, లాగలేదు. బిడ్డ నీలంగా వచ్చింది, ఏడవలేదు. ఆయన ఎడమచేత్తో దాని నోరు తుడిచి, వీపు రుద్ది, మళ్లీ రుద్దారు. పిల్లిపిల్ల అరిచినట్టు ఒక చిన్న శబ్దం వచ్చింది. తర్వాత పెద్ద ఏడుపు. ఆడపిల్ల. తల్లి కళ్లు తెరిచి, మంచినీళ్లు కావాలంది.

నేను బయటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఎడమచేత్తో నాకు మంచినీళ్ల చెంబు అందించారు.

ఆయన చెయ్యి అతుక్కున్నాక కూడా వానరోజుల్లో నేనే తోలేదాన్ని. అలా ఒకసారి పులివెందులలో మా అమ్మావాళ్లింటికి పోయాం. వాకిట్లో జీపు ఆపి నేను దిగేసరికి మా నాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. పండితుడు, బళ్లో తెలుగు చెప్పేవాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను ఆ కాన్పు సంగతి చెప్పాను.

"ఆడపిల్లవు, నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు మా నాయన.

మా అమ్మ అంతా విని, ఎంగిలి విస్తళ్లు తీసేసి వచ్చి, చెంగు నడుముకు దోపుకుంది. "వేంపల్లె దాకా ఎంతసేపు పడతాది?" అని నన్నడిగింది.

"నీకు వేంపల్లెలో ఏం పనే?" అన్నాడు నాయన.

"ఏం పని ల్యా."

పోయి ముందు సీట్లో కూర్చుంది. మా నాయనా, మా ఆయనా ఒకరినొకరు చూసుకుని వెనక ఎక్కారు. ఊరు దాటిన తర్వాత అమ్మ, "ఇంత మెల్లగ్గానా పోయేది?" అంది.