నిండా పోసిన నీళ్లు

ఆ ఎండాకాలం కువైట్‌లో అందరి చూపూ కుళాయి మీదే. ఉత్తరాన జరుగుతున్న యుద్ధంలో దెబ్బతిన్న బావుల నుంచి చమురు సముద్రంలోకి కారుతోందనీ, అది తెట్టె కట్టి మా వైపే తేలి వస్తోందనీ ఎక్కడికి పోయినా అదే మాట. సముద్రపు నీళ్లనే మంచినీళ్లుగా మార్చి తాగే దేశం అది. ఆ తెట్టె యంత్రాల దాకా వస్తే ఏమిటని పైకి ఎవరూ అనేవారు కాదు. బకెట్లు మాత్రం నింపుకునేవారు. బ్నీద్ అల్ గార్‌లోని మా గదిలో డబ్బాలు, బిందెలు అయిపోయి అన్నం వండే గిన్నెలు కూడా నిండాయి. అందరికంటే ఎక్కువ నింపింది నేను. రాయచోటి వైపు మెట్టపల్లెలో పుట్టినవాణ్ణి. ఇంటికొచ్చిన మనిషికి చెంబు నిండా నీళ్లివ్వడం మాకు అన్నిటికన్నా పెద్ద మర్యాద. సగం చెంబు ఇచ్చిన ఇంటిని మా వాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేవారు.

అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే ఒక షెడ్డులో స్టోరు చూసేవాణ్ణి. షెడ్డు వెనక రేడియేటర్లు ముంచి చిల్లు ఎక్కడుందో చూసుకునే పెద్ద ఫైబరు తొట్టి ఉండేది. కారు పని మీద వచ్చిన ఈజిప్టు పశువుల డాక్టరు ఒకాయన దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, కొన్నాళ్లు వాడుకోనిస్తారా అని షెడ్డు యజమాని అయిన మా కఫీల్‌ని అడిగాడు. చమురు పూసుకుని ఒడ్డుకొస్తున్న తాబేళ్లను కోలుకునేదాకా ఉంచడానికి చోటు లేదట. కొందరు కాలేజీ పిల్లలు, చమురు కంపెనీ ఊరు అహ్మది నుంచి వచ్చే ఇంజినీర్ల భార్యలు శుక్రవారాలు ఒడ్డున కూర్చుని పక్షులను కడుగుతున్నారట. తాబేళ్లను కూడా ఒడ్డున పెట్టుకోలేరు కదా.

కఫీల్ తొట్టి వైపు చూస్తూ, "తీసుకో. పని ఆగిందా, ఖలాస్, తిరిగిచ్చెయ్యాలి," అన్నాడు.

ఆ తాబేళ్లను చూసుకునే పని నేను అడిగి మరీ తీసుకున్నాను. జాలి ఉంది, కాదనను. కానీ పదిమందిలో నా పేరు వినపడుతుందన్న ఆశ అంతకంటే ఎక్కువ ఉంది. మన వాళ్లుండే గదులన్నీ తిరిగి తాబేళ్ల మీద కప్పే తడిగుడ్డలకు పాత లుంగీలు, బనియన్లు అడిగి తెచ్చాను. నా గదిలోనే ఉండే కడప భాయ్, మా షెడ్డులో సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి, ఆ మూట చూసి నవ్వాడు.

"ఏమబ్బీ, మనకు పండగకు కొత్త లుంగీ లేదు గానీ తాబేలికి పెండ్లి బట్టలు తెచ్చినావే."

"నీది కూడా ఒకటి ఇయ్యి, భాయ్."

"నాది ఇస్తే మళ్లా తాబేలే నాకు దానం చెయ్యాల," అన్నాడు. అంటూనే పెట్టెలోంచి ఒకటి తీసి ఇచ్చాడు.

మొదటి తాబేలు తాంబాళమంత ఉంది. డాక్టరు దాని కళ్లను, నోటిని వంటనూనెతో మెత్తగా తుడిచి, తర్వాత సబ్బునీళ్లతో ఒళ్లంతా కడిగాడు. వెళ్లేటప్పుడు నాకు చెప్పవలసింది చెప్పాడు. తొట్టిలో బెత్తెడు నీళ్లు మించకూడదు. దీనికి తల ఎత్తే ఓపిక లేదు. ముక్కు ఎప్పుడూ నీళ్ల పైనే ఉండాలి. వీపు మీద తడిగుడ్డ ఆరిపోకూడదు. నేను సరిగ్గానే విన్నాను. తలూపాను కూడా.

ఒక మధ్యాహ్నం ఎండ విరామానికి షెడ్డు మూసే వేళకు దాన్ని చూడటానికి పోయాను. తొట్టి అడుగున, ఆ కాసిని నీళ్లలో, బల్ల మీద పెట్టిన వస్తువులా పడి ఉంది. సముద్రంలో బతికేదానికి బెత్తెడు నీళ్లేమిటి అనిపించింది. కుళాయిల భయంతో డాక్టరు పిసినారితనం చేస్తున్నాడనుకున్నాను. బండ్లు కడిగే ఉప్పునీటి పైపు పక్కనే ఉంది. విప్పి, తొట్టి అంచుదాకా నింపాను. అది కాళ్లు కొంచెం కదిపింది. సంతోషపడిందనుకుని, గదికి పోయి అన్నం తిని పడుకున్నాను.

షెడ్డు మళ్లీ తెరిచే వేళకు వచ్చేసరికి అడుగున ఉంది. పైకి తీసి చూశాను. తల వేలాడింది.

అప్పుడు నేను చేసిన పని నీళ్లు పోయడం కంటే హీనం. ఎవరూ రాకముందే తొట్టి అడుగు బిరడా లాగి నీళ్లు మళ్లీ బెత్తెడుకు దించాను. నేల తడి కనబడకుండా ఇసుక చల్లాను. సాయంత్రం డాక్టరు వచ్చి, "నీళ్లేమైనా మార్చారా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన చాలాసేపు దాని నోరు తెరిచి చూసి, "లోపలికి చమురు ఎక్కువ పోయి ఉంటుంది," అన్నాడు. నా భుజం తట్టి, నువ్వు చేయగలిగింది చేశావన్నాడు. ఆ శుక్రవారం అహ్మది నుంచి ఒకామె నా కోసమే బిస్కెట్ల డబ్బా పంపింది. గదిలో అందరూ తిన్నారు. నా వంతు భాయ్‌కి ఇచ్చేశాను.

తర్వాత రెండో తాబేలు వచ్చింది. ఈసారి స్టోరులో పని ఎక్కువగా ఉందని తప్పుకున్నాను. చూసుకునే పని భాయ్‌కి వచ్చింది. ఒకరోజు పొద్దున నేను ఒక కాంట్రాక్టరుకు బండి సామాన్లు ఇచ్చి రావడానికి పికప్‌లో అహ్మదికి బయలుదేరుతుంటే, భాయ్ తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమబ్బీ, ఈ నీళ్లల్లో దీనికి కడుపు కూడా తడవదు. మధ్యాన్నం పని అయినాక నిండా పోస్తా. పాపం, ఈతన్నా కొట్టుకుంటాది."

నేను బండి ఎక్కాను. వద్దంటే ఎందుకని అడుగుతాడు. నాకెలా తెలుసని అడుగుతాడు. అన్ని మాటల భయం ఆ ఒక్క మాటను మింగేసింది. డాక్టరు చెప్పే ఉంటాడులే, భాయ్ ఊరికే అంటున్నాడులే అని దారి పొడవునా నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ డాక్టరు నాకూ చెప్పాడు కదా.

అహ్మదిలో సామాన్లు దించేసరికి ఇక ఆగలేకపోయాను. ఆ ఆఫీసులో ఫోను అడిగి షెడ్డుకు చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం మూసే వేళ అయిపోయింది. సంతకం కూడా తీసుకోకుండా బండి తిప్పాను. వడగాలికి రోడ్డు మీద ఇసుక పాకుతోంది. సిగ్నళ్ల దగ్గర ఆగిన ప్రతిసారీ పైపులోంచి నీళ్లు పడుతున్న చప్పుడే చెవుల్లో. బెత్తెడు, మూరెడు, అంచు. బతికితే చాలు, అన్నీ చెప్పేస్తానని మొక్కుకున్నాను. అలా బేరం పెడుతున్నందుకు కూడా సిగ్గేసింది.

షెడ్డు వెనక్కి పరుగెత్తేసరికి భాయ్ చేతిలో పైపు ఉంది. తొట్టి సగం పైన నిండింది. తాబేలు ఒక పక్కకు ఒరిగి, ముక్కు కొంచెం పైకి తెచ్చి మళ్లీ మునుగుతోంది.

"ఆపు భాయ్, పట్టుకో. పైకెత్తాల."

ఇద్దరం చొక్కాలతోనే వంగి దాన్ని బయటికి లాగి, తల కిందికి వాలేలా తడి లుంగీ మీద పెట్టాం. నోట్లోంచి నీళ్లు కారాయి. ఎంతసేపో కదల్లేదు. ఆఖరుకు గొంతు ఉబ్బి, గాలి బుస్సుమని బయటికి వచ్చింది. నేను లేచి తొట్టి బిరడా లాగాను.

"నీళ్లల్లో బతికేది నీళ్లల్లో ఎట్ల పోతాది అబ్బీ?"

"అది కూడా పైకొచ్చి గాలి పీల్చుకోవాల భాయ్. ఓపిక ల్యాకపోతే మునిగి పోతాది."

"నీకెట్ల తెలుసు?"

"మొదటిది అట్లే పోయింది. నిండా పోసింది నేనే."

భాయ్ పైపు చుట్ట చుట్టుతూ నా వైపు చూడలేదు. "పొద్దున నేనన్న మాట ఇన్నావు గదా."

"ఇన్నా."

"ఇని బండెక్కినావు."

నేను తాబేలు వీపు మీద తడిగుడ్డ కప్పాను. పైపు పక్కన పెట్టి ఆయనే అన్నాడు, "డాక్టరు ఇంకా కొన్ని షెడ్లల్లో తొట్లు అడుగుతాండాడు. ఆడ ఉండేది మన మాదిరి వాళ్లే. జాలిపడి నిండా పోస్తారు. పోయి చెప్పు."

ఆ సాయంత్రం డాక్టరుకు చెప్పాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. "చమురు వల్ల పోయిందని నేను అందరికీ చెప్పాను," అని మాత్రం అన్నాడు. వెళ్లబోతూ ఆగి, "బెత్తెడు అని నేను చెబితే ఎవరూ వినరు. ఎందుకో నువ్వు చెప్పు. నువ్వు చేసిందీ చెప్పు," అన్నాడు.

చెప్పాను. తొట్టి ఇచ్చిన ప్రతి షెడ్డుకూ పోయి, నాకొచ్చిన ఉర్దూలో, గ్రీజు చేతుల మనుషుల ముందు నిలబడి చెప్పాను. కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం లేచి పోయి, అప్పటికే సగం నింపిన తన తొట్టి బిరడా తీశాడు.

రెండో తాబేలును చమురు తెట్టె రాని ఒడ్డు దగ్గర వదిలిన శుక్రవారం భాయ్, నేను మోకాళ్ల లోతులో నిలబడి దాన్ని దించాం. డాక్టరు, కాలేజీ పిల్లలు ఒడ్డున ఉన్నారు. నాలుగు బారలు పోయి మునిగింది. నేను నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాను. దూరంగా తల పైకొచ్చింది, గాలి పీల్చుకుంది, మళ్లీ మునిగింది. ఇంకోసారి రావాలి కదా అని చూస్తున్నాను. ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదురుతున్నాయి.

"యల్లా అబ్బీ, షెడ్డులో ఇంకో రెండు ఉండాయి," అన్నాడు భాయ్, నా చొక్కా పట్టి లాగుతూ.

రెండోసారి పైకి వచ్చిందో లేదో నేను చూడలేదు.