నాలుక బోధన్‌లో, వంట రియాద్‌లో

దమ్మామ్ రైల్వే స్టేషన్‌కు నేను తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లి కూర్చున్నాను. రైలు ఐదున్నర దాటితే గానీ లేదు. మీలో ఎవరైనా ఈ దారిన వెళ్లేవాళ్లుంటే అంత తొందర పడకండి, అరగంట ముందు వెళితే సరిపోతుంది. సామాను మిషన్‌లో పెట్టి చూస్తారు, టికెట్టూ ఇక్కడ ఉండేందుకు ఇచ్చే ఇఖామా కార్డూ అడుగుతారు, అంతే. నా సంచిలో ఒక ఏప్రాన్, రెండు గరిటెలు, ఒక జత బట్టలు తప్ప ఏమీ లేవు. కత్తి తీసుకుపోతే పట్టుకుంటారని మా స్టోర్‌కీపర్ ముందే చెప్పాడు. అయినా మిషన్ దగ్గరి పోలీసు నా వైపు చూసినప్పుడల్లా సంచి తడిమి చూసుకున్నాను. దొంగతనానికి పోతున్నవాడికి కూడా ఇంత భయం ఉండదేమో.

నేను వంటవాణ్ణి. పేరు మల్లేశం, ఊరు కోరుట్ల. పదకొండేళ్లుగా దమ్మామ్ అవతల ఒక కొరియా కంపెనీ క్యాంపు మెస్సులో వాళ్ల వంటలు వండుతున్నాను. ప్రాజెక్టు అయిపోయింది. కొందరిని యాన్బు పంపారు, మిగతావాళ్లకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తున్నారు. ఈ నెలాఖరులోపు కొత్త కఫీల్, అంటే పూచీ పడే యజమాని, దొరికి, నా ఇఖామా అతని మీదికి మారితే ఇక్కడ ఉంటాను. లేకపోతే నేనూ విమానం ఎక్కాల్సిందే. ఇల్లు చేదని కాదు. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే, కోరుట్లలో కొరియా భోజనం ఎవరు తింటారు? నలభై ఆరేళ్లవాడికి మళ్లీ వీసా ఎవరిస్తారు?

అలాంటి సమయంలో స్టోర్‌కీపర్ ఒక కబురు తెచ్చాడు. రియాద్‌లో ఒలయా వైపు ఆఫీసులు ఎక్కువ. అక్కడ ఒక కొరియా ఆవిడ చిన్న దుకాణం పెట్టి ఆఫీసువాళ్లకు మధ్యాహ్నం భోజనం అమ్ముతుంది. త్వరగా ఇస్తుంది, ధర తక్కువ. ఆమెకు వంటవాడు కావాలి. ఇద్దరిని పిలిచి, ఒక పూట వండించి, ఒకరిని పెట్టుకుంటుందట. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి.

వండటమంటే నాకు భయం లేదు. భయమంతా రుచి చూడటం దగ్గరే. ఆ దుకాణంలో ఎక్కువగా పోయేది బుల్గోగి. పెద్దకూరను, అంటే గొడ్డు మాంసాన్ని, పల్చగా కోసి, సోయా సాసులో నానబెట్టి, పెనం మీద వేయించి, వేడి అన్నం మీద వేసి ఇస్తారు. మా ఇంట్లో పెద్దకూర తినరు. నేను ముట్టుకుంటాను, కోస్తాను, వండుతాను. నోట్లో మాత్రం పెట్టను. ఇదేదో గొప్పగా చెప్పుకోవడం లేదు. ఎన్నోసార్లు అనుకున్నా నా వల్ల కాలేదు, అంతే.

మరి పదకొండేళ్లు ఎలా వండానంటే, బషీర్ భాయ్ ఉన్నాడు కాబట్టి. బోధన్ మనిషి, మా మెస్సులో సామాను మోసేవాడు. ప్రతి పూటా మొదటి పెనం దించగానే వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుని, "జర ఉప్పు" అనేవాడు, లేదా ఇక చాలని "బస్" అనేవాడు. ఆ మాట వింటే గానీ నేను రెండో పెనం పెట్టేవాణ్ణి కాదు. ఈ సంగతి మెస్సులో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. కిందటి నెల అతనికి ఎగ్జిట్ కొట్టారు. నా నాలుక బోధన్ వెళ్లిపోయింది.

రైలు కదలగానే అతనికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దెక్కింది.

"రైలెక్కినవా?" అన్నాడు.

"ఎక్కిన భాయ్. పెద్దకూర వండుమంటే ఏం చేయాలె?"

"అరె, కలర్ సూడు, వాసన సూడు. పదకొండేండ్లు వండినవ్ గదా యార్. ఇగో మల్లన్నా, వాళ్లకు ఇద్దరు మనుషులు కావాల్నంటే నా పేరు చెప్పు."

చెప్తానన్నాను. నా పేరే అక్కడ నిలబడుతుందో లేదో తెలియదు.

రైలు బాగుంది. ఎకానమీలో కూడా కాళ్లు చాపుకోవచ్చు. ఏసీ మాత్రం వణికిస్తుంది, ఒక శాలువా పెట్టుకోండి. టీ కప్పు బయటికంటే రెండింతలు ఖరీదు. నేను క్యాంపు నుంచి కట్టుకుపోయిన రొట్టెలు తిందామని విప్పి, ముద్ద దిగక మళ్లీ కట్టేశాను. హఫూఫ్‌లో ఒక సౌదీ కుటుంబం ఎక్కింది. ఇంటి యజమానురాలు, పెద్ద పిల్లలు ముందు వరుసలో కూర్చున్నారు. చిన్నపిల్లను ఒళ్లో పెట్టుకుని వాళ్ల పనిమనిషి నా పక్క వరుసలో కూర్చుంది. నా ఫోన్ మాటలు విన్నట్టుంది.

"ఏమన్నా, తెలుగోడివా? యాడికి పోతాండావు?" అంది.

ఆమె పేరు రమణమ్మ, ఊరు రాయచోటి దగ్గర. సంగతి చెప్పాను. చెప్పకపోతే కడుపు పగిలేలా ఉంది.

"వంట పరీచ్చా? పెండ్లిసూపుల్లో ఆడపిల్లను పాట పాడమన్నట్ల ఉండాదే" అని నవ్వింది. "మా మేడం కూతురుగూడా ఫోన్లో కొరియా సీరియళ్లు సూసి, ఆ నూడుల్సే సెయ్యమంటాది. ఒట్టి కారం."

పెద్దకూర విషయం చెప్పేసరికి నవ్వు ఆపింది. "నేనూ తిననన్నా. వచ్చిన కొత్తల్లో మేడంకు సెప్పేసినా. ఉప్పు ఆమే సూసుకుంటాది. సెప్తే తలకాయేం తీసేయరు గదా?"

"నీకు కొలువున్నది గనుక చెప్పినవమ్మా. నాకింకా రాలేదు గద" అన్నాను. కొంచెం కటువుగానే అన్నట్టున్నాను. ఆమె ఏమనుకోలేదు. పిల్లకు తెచ్చిన బిస్కెట్లలోంచి రెండు తీసి నా చేతిలో పెట్టింది. అవి మాత్రం తిన్నాను.

తొమ్మిదిన్నర దాటాక రియాద్‌లో దిగాం. స్టేషన్ దగ్గరే మెట్రో ఉంది. టాక్సీవాళ్లు చుట్టుముడతారు, పట్టించుకోకండి. నాలుగు రియాళ్ల టికెట్టుతో రెండు గంటలు తిరగొచ్చు. నారింజ రంగు లైనెక్కి, మధ్యలో దిగి నీలం లైను పట్టుకోవాలి. రైలుకు డ్రైవరు ఉండడు. మామూలు రోజైతే ముందు అద్దం దగ్గర నిలబడి సంబరంగా చూసేవాణ్ణి. ఆ రోజు దిగాల్సిన స్టేషన్ దాటిపోతుందేమోనని తలుపు పక్కనే నిలబడి, ప్రతి స్టేషన్ పేరూ పైకి చదువుకున్నాను. ఎదురుగా ఉన్న కుర్రాడు నన్ను చూసి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, "ఫస్ట్ టైమ్?" అని అడిగాడు. దిగాక బూఫియా అనే చిన్న టీకొట్టులో నిలబడి టీ తాగాను. సగం తాగి పారబోశాను.

దుకాణం ఒక మందుల షాపుకూ లాండ్రీకీ మధ్య ఇరుకుగా ఉంది. గోడకు ఆనించి పొడవాటి బల్ల, ఎత్తు స్టూళ్లు. వంటగదిలో ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు పక్కకు ఒరగాలి. దుకాణం నడిపే కొరియా మేడం సన్నగా, చురుగ్గా ఉంది. ఆమె పేరు పలకడం నాకు రాలేదు. అరబ్బీ ముక్కలు, ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడుతుంది, నాదీ అదే భాష. నాతో పోటీకి వచ్చినవాడు ఒక నేపాలీ. పెద్ద హోటల్లో చేశాడట, తెల్ల కోటు తెచ్చుకున్నాడు. నా పాత ఏప్రాన్ చూసుకుని సిగ్గేసింది.

మేడం నియమాలు చెప్పింది. చెరొక పొయ్యి. ఫోన్లు సంచుల్లోనే ఉండాలి. ఆఫీసువాళ్లకు అరగంటే టైము, అందులోనే వచ్చిపోవాలి, తినాలి. చివరగా చిన్న చిన్న స్పూన్ల కట్ట ఒకటి మా ముందు పెట్టి, "టేస్ట్. ఎవ్రీ టైమ్ టేస్ట్" అంది. ఆ స్పూన్లు చూడగానే నాకు పెద్దకూరే గుర్తొచ్చింది.

అన్నం, గుడ్లు, చికెన్ వరకూ ఇబ్బంది లేదు. చికెన్ రుచి చూశాను, బాగా కుదిరింది. ఆ తరువాత ఫ్రిజ్‌లోంచి రెండు డబ్బాలు తీసింది. రాత్రే తన కొలతతో సోయా సాసు, బేరిపండు గుజ్జు, వెల్లుల్లి పట్టించి ఉంచిన పెద్దకూర అది. మిగతా సాసు మేమే పెనం మీద సరిచూసి వెయ్యాలి. క్యాంపులో అయితే నానబెట్టింది నేనే కాబట్టి చేతికి కొలత తెలుసు. ఇక్కడ ఆ ముక్కల్లోకి ఎంత ఉప్పు ఎక్కిందో నాకెలా తెలుస్తుంది? సాసు సీసా కూడా నేను ఎప్పుడూ చూడని రకం.

మధ్యాహ్నం జుహర్ నమాజుకు ఇంకా కొంచెం టైముంది. మేడం ముందు గదిలో కౌంటర్ అమ్మాయితో డబ్బాలు సర్దుతోంది. నేపాలీ తన పెనంలోంచి ఒక ముక్క తీసుకుని, కళ్లు మూసుకుని నమిలాడు. అతన్ని అడుగుదామా అనుకున్నాను. పోటీకొచ్చినవాణ్ణి ఏ ముఖంతో అడగను? ఇక ఆగలేక సంచిలోంచి ఫోన్ తీసి, బియ్యం డబ్బాకు ఆనించి, బషీర్ భాయ్‌కి వీడియో కాల్ కొట్టాను.

"భాయ్, సూడు" అని గుసగుసగా అన్నాను.

"ఏం సూడాలె? వాసన ఫోన్ల ఎట్లొస్తదిరా?" అన్నాడు. అయినా ముఖం తెరకు దగ్గరగా తెచ్చాడు. "నీళ్లు విడిచిందా?"

"మస్తు విడిచింది."

"అయితే ఉప్పు బాగ పట్టినట్టున్నది. సాస్ తక్కువ పొయ్యి. ఉల్లిగడ్డ ఎక్కువ వెయ్యి. ఇంకా తక్కువ... బస్, బస్!"

ఆ "బస్" వినగానే ప్రాణం లేచి వచ్చింది. ఫోన్ దాచేసి, పెనం కుదిపి, మంట పెంచాను.

నమాజు అయిపోగానే జనం ఒక్కసారిగా వచ్చారు. మెడలో కార్డులు వేసుకున్న ఆడపిల్లలు, ఈజిప్టు లెక్కలవాళ్లు, మనవాళ్ల లాంటి కంప్యూటర్ కుర్రాళ్లు. అన్నం, పైన కూర, పక్కన కిమ్చి అనే పులియబెట్టిన క్యాబేజీ, ఒక నీళ్ల సీసా, అన్నీ కలిపి ఇరవై రెండు రియాళ్లు. మీరు అటు వెళితే నమాజు అయ్యేలోపే వెళ్లి కూర్చోండి, తరువాత నిలబడేందుకు కూడా చోటుండదు. ఆ గంటసేపు నాకు భయం గుర్తుకు రాలేదు. మూడు వందల మందికి గంటలో వడ్డించిన చేతులు ఇవి, వాటి పని అవి చేసుకుపోయాయి. నేపాలీ అందంగా వండాడు. ప్రతి గిన్నె మీదా నువ్వులు ఒక్కొక్కటిగా పేర్చినట్టు చల్లేవాడు. అతని ముందు ఆర్డర్ చీటీలు పేరుకుపోయాయి. నేను అడగకుండానే కౌంటర్ అమ్మాయి వాటిలో కొన్ని నా వైపు జరిపింది.

జనం పలచబడ్డాక మేడం మా ఇద్దరి గిన్నెలూ ముందు పెట్టుకుని తింది. అతనిది తిని తల ఊపింది. నాది తిని ఆగింది. మళ్లీ ఒక ముక్క తింది.

"సాల్ట్ షువయ్య" అంది. ఉప్పు చాలలేదు. తరువాత స్పూన్ల కట్ట వైపు చూపించి, "చికెన్ టేస్ట్. దిస్, నో టేస్ట్. వై?" అని అడిగింది. నా సంచి వైపు చూసి, "అండ్ ఫోన్ టాకింగ్. హూ?"

అన్నీ చూసింది. ఏదో ఒక అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. ఒక్కటీ దొరకలేదు. రైల్లో రమణమ్మ మాట గుర్తుకొచ్చింది. వచ్చీరాని మాటలతో, చేతులతో చెప్పేశాను. నేను ఇది తిననని, పదకొండేళ్లు నా కోసం ఒక దోస్తు రుచి చూశాడని, అతను ఇప్పుడు ఇంటి దగ్గర ఉన్నాడని, ఫోన్లో ఉన్నది అతనేనని. చెబుతుంటే నా చెవులకే అది పిచ్చిగా వినిపించింది. నేపాలీ నేల వైపు చూస్తున్నాడు. మేడం నవ్వలేదు, కోప్పడలేదు. ఇఖామా ఫోటో తీసుకుని, "ఐ సెండ్ మెసేజ్" అంది. బయటికి వచ్చేటప్పుడు చికెన్ గిన్నె ఒకటి కట్టి ఇచ్చింది. పంపించేసేవాళ్లకు ఇలాగే కట్టి ఇస్తారని నాకు అనిపించింది.

సాయంత్రం రైలు. తిరుగు టికెట్టు ముందే కొనుక్కుంటే చవక, నేను అలాగే కొన్నాను. ఎండ ఒక వైపు కిటికీల్లోంచే పడుతుంది, రెండో వైపు సీటు అడగండి. నేను ఎండలోనే కూర్చుని ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాను. ఎవరో సిమ్ కంపెనీవాళ్లు ఒకసారి, మా స్టోర్‌కీపర్ రెండుసార్లు మెసేజ్ పెట్టారు. ప్రతిసారీ మేడమే అనుకుని గబుక్కున తెరిచాను. కోరుట్ల బస్టాండు దగ్గర అద్దెకు బండి తీసుకుని మిర్చి బజ్జీలు వేసుకోవడం దాకా ఆలోచన వెళ్లింది. బజ్జీలు బాగానే వేస్తాను. ఆ ఆలోచనకు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను.

హఫూఫ్ దాటి ఖర్జూరం తోటలు వెనకబడ్డాక మేడం మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో మూడు ముక్కలు. ఆదివారం కాగితాలతో రా. నీది స్పీడు. ఉప్పు నేను చూస్తా.

నాలుగైదు సార్లు చదివాను. పక్క సీటాయనకు చూపించి, నేను అర్థం చేసుకున్నదే నిజమా అని అడిగాను. ఆయన పాకిస్తానీ, "ముబారక్ హో భాయ్" అని చెయ్యి కలిపాడు. అప్పుడు బషీర్ భాయ్‌కి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమైంది?"

"కొలువు దొరికింది భాయ్."

"అల్హమ్దులిల్లా! ఉప్పు సరిపోయిందా మరి?"

"తక్కువైంది. ఆమెకు అంతా చెప్పిన. ఇగ నుంచి ఉప్పు మేడమే సూస్తదట." కొంచెం ఆగి అన్నాను, "ఇద్దరు కావాల్నా అని అడుగుదామనుకున్న భాయ్. ఆమె ఆ మాట అన్నంక ఇంకేమని అడగాలె?"

అక్కడ ఎవరో పిల్లలు అరుస్తున్నారు.

"మంచిదే గదా" అన్నాడు. "ఆమె ఉప్పు ఎక్కువ తినే మనిషి ఉన్నట్టున్నది. మొదట ఒక వారం జర సూసుకో."

"సూసుకుంట" అన్నాను. ఫోన్ పెట్టాలనిపించలేదు. "తిన్నవా భాయ్? ఏం కూర?"

"పప్పు."

"ఉప్పు సరిపోయిందా?"

"ఏమో మల్లన్నా" అన్నాడు. "సూడలే. పెట్టింది తిన్న."