పొట్టమీద సంచి, నోట స్తుతి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో నా మూత్రంలో నెత్తురు పడింది. నొప్పి లేదు, జ్వరం లేదు, అందుకే ఎవరికీ భయం పుట్టలేదు! గుంటూరు మిరప యార్డులో బస్తాలు కుట్టే పని నాది. నాతో పనిచేసే సుబ్బారావు నవ్వి, "ఒరేయ్ దాసూ, రోజంతా ఘాటు పీలిస్తే ఎర్రగా రాక తెల్లగా వస్తుందా? వేడి చేసిందిరా, సబ్జా గింజలు తాగు!" అన్నాడు. మా యార్డులో అందరికీ అదే వైద్యం. తాగాను, నెత్తురు ఆగింది, దేవుణ్ణి స్తుతించాను కూడా. కానీ సీజను ముగిసి యార్డు ఖాళీ అయ్యాక, ఘాటు వాసనే లేని రోజుల్లో, నెత్తురు గడ్డలు గడ్డలుగా మళ్ళీ వచ్చింది.

మా ఊళ్ళోనే బ్రాడీపేటలో డాక్టరు గారు లోపలికి గొట్టం పంపి చూసి, ముక్క తీసి పరీక్ష చేయించి, "క్యాన్సరండి. కండరంలోకి దిగింది, మూత్రాశయం తీసేయాలి" అన్నారు. ఆ తర్వాత ప్రార్థనకు మోకరిస్తే ఏడుపే వచ్చింది.

చిన్నప్పుడే బడి మానినా, గ్రంథాలయంలో చేతికందిన ప్రతి పుస్తకమూ చదివినవాణ్ణి నేను. రోబో శస్త్రచికిత్స సంగతి అక్కడే ఒక విజ్ఞాన పత్రికలో చదివాను. ఢిల్లీలో ఉండే మా బావమరిది వాకబు చేసి, అక్కడే ఆ యంత్రమున్న ఆసుపత్రి చూసిపెట్టాడు. నా భార్య మరియమ్మ మాత్రం వణికిపోయింది. "ఏవండీ, మరమనిషి చేత కోయించుకుంటారా? దానికి జాలేం తెలుసు?"

"పిచ్చిదానా, అది తనంతట తాను కోయదు. డాక్టరు గారు కాస్త ఎడంగా కూర్చుని దాని చేతులు కదుపుతారు" అన్నాను, చదివిన గర్వంతో. తీరా ఢిల్లీ వెళ్ళి ఆపరేషను బల్లమీద పడుకుని, ప్లాస్టిక్ తొడిగిన ఆ ఇనుప చేతుల్ని చూసేసరికి నా చదువంతా ఎగిరిపోయింది! "ప్రభువా, ఆ చేతుల్ని డాక్టరు గారు కదుపుతారు, ఆయన చేతుల్ని నువ్వు కదుపు. మరియమ్మను ఒంటరిగా తిరుగు రైలెక్కించకు" అని మాత్రం అనగలిగాను.

ఇద్దరమూ కలిసే ఎక్కాం. దేవునికే మహిమ!

అయితే సహోదరులారా, మూత్రాశయం పోయింది, పొట్టమీద మూత్రం పట్టే సంచి వచ్చింది, ఇది బతికినంతకాలం ఉంటుంది. వాసన వస్తుందేమోనని సిగ్గుపడి చాలా ఆదివారాలు మందిరం గుమ్మం బయటే నిలబడ్డాను. చివరికి మరియమ్మ బయటికొచ్చి, "బతికించినాయనకు మీ సంచి కనబడదనుకున్నారా? లోపలికి రండి!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

ఇప్పటికీ పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ, జబ్బు తిరగబెట్టిందేమోనని నాకు భయమే. అయినా ప్రతి ఆదివారం మందిరం లోపలే కూర్చుంటున్నాను. మీలో ఎవరైనా జబ్బును దాచుకుని కుమిలిపోతుంటే, డాక్టరుకు చూపించుకోండి, భారం ప్రభువు మీద వేయండి, వచ్చి నా పక్కన కూర్చోండి. నా చాపమీద చోటుంది.